గాయం పొంగుతదా?

"మీ ఇంట్ల ఎవరికన్న గాయం పొంగుతదా, దొరసానీ?"

ఎల్లారెడ్డి బజారులో కంసాలి అడిగిన మాట ఇది. సూది చేతిలో పట్టుకుని, ఇంకా దీపం మీద కాల్చకముందే అడిగాడు. చెవి పైభాగం కుట్టే ముందు అతని తండ్రి కూడా అందరినీ ఇలాగే అడిగేవాడు. కొందరి ఒంటి మీద గాయం మానిన తర్వాత ఊరుకోదు. మచ్చ పైకి లేస్తుంది, గట్టిపడుతుంది, గాయం తగలని చోటికి కూడా పాకుతుంది. అలాంటి ఇంటి పిల్లలకు ఆ దుకాణంలో చెవులు కుట్టరు. అది వాళ్ళ పని పద్ధతి.

పీట మీద నా మనవరాలు కూర్చుని ఉంది. పన్నెండేళ్ళు. కళ్ళు గట్టిగా మూసుకుని పదమూడో ఎక్కం చదువుకుంటోంది. ఒక చేత్తో నా ఎడమ చేతిని పట్టుకుంది, మోచేతి దగ్గర, రవిక చేయి మీద. ఆ గుడ్డ కింద, తన వేళ్ళకు జానెడు దూరంలో, ఆ కంసాలి అడిగినది ఉంది.

దుకాణంలో మరొకామె ఉంది. ఎరువుల దుకాణం యజమాని భార్య. ఆమె మామ ఒకప్పుడు మా పొలం కౌలుకు చేసినవాడు. గొలుసు కొక్కెం బాగుచేయించుకుంటూ ఆమె కూడా నా జవాబు కోసం తల తిప్పింది.

"మా ఇంట్ల గసొంటి రోగాలు లేవు," అన్నాను. "నీ పని నువ్వు చెయ్."

"రోగం గాదు దొరసానీ, తోలు తీరు. అడగాలె గనక అడిగిన," అని అతను సూదిని దీపానికి పెట్టాడు.

"థర్టీన్ ఎయిట్స్ ఆర్..." దగ్గర సూది దిగింది, పిల్ల ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. తర్వాత "హండ్రెడ్ ఫోర్" అంది.

పోచారం ప్రాజెక్టు నీళ్ళు పారే పొలాల మధ్య, నాగిరెడ్డిపేటకు అవతల మా ఊరు. మాది గడి, దొరల కోట లాంటి ఇల్లు. ఇప్పుడు అక్కడ రెండు గోడలున్నాయి, అవీ మావి కావు. మా నాన్నకు నేనొక్కతే సంతానం, నా భర్త ఇల్లరికం వచ్చారు, కాబట్టి ఆ ఇంటికి వారసులు ఎవరని అడిగితే నేనే. ఎల్లారెడ్డిలో అద్దె ఇంట్లో కొడుకు దగ్గర ఉంటాను. కొడుకు విత్తనాల కంపెనీ తరఫున ఊళ్ళు తిరుగుతాడు, కోడలు ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. నాన్న నేర్పినవాటిలో ఒకటి నాకు ఇంకా పోలేదు. నేను గోడకు ఆనుకుని కూర్చోను. బస్సులో కూడా వీపు సీటుకు తగలనివ్వను. కోడలు మొదట్లో నవ్వేది, తర్వాత చూడటం మానేసింది.

గడి సామానులో చివరికి మిగిలింది ఒక జత బుగడలు. చెవి పైభాగానికి పెట్టుకునే చిన్న బంగారు పువ్వులు. మా నానమ్మ పెట్టుకుంది, మా అమ్మ పెట్టుకుంది, నేను పెట్టుకోలేదు. ఆరేళ్ళప్పుడు ఎడమ భుజం కింద వేసిన టీకా పుండు మానింది గానీ, మానిన చోటే పైకి లేచింది. ఏడాదికి చింతగింజంత అయింది. పెళ్ళినాటికి ఎండ్రకాయలా కాళ్ళు చాపింది. అది లేచింది మొదలు మా అమ్మ నా ఒంటి మీద సూది పడనివ్వలేదు. మోచేతుల దాకా బిగుతైన రవిక చేతులు కుట్టించడం మొదలుపెట్టింది. గడి ఆడవాళ్ళ మర్యాద అలా ఉంటుందని ఊరు అనుకుంది. మేము అనుకోనిచ్చాం.

మా తాతకు ఎదురురొమ్ము మీద ఇలాంటిదే ఉండేది. ఆయన దాచలేదు. చిరుతపులి పంజా అని, వచ్చినవాళ్ళకు అంగీ గుండీలు విప్పి చూపించేవాడు. వాళ్ళు లేచి నిలబడి చూసేవారు. ఆడపిల్ల భుజం మీద పులి పంజా పడిందంటే ఎవరూ నమ్మరు కాబట్టి నాది దాచారు.

నా భర్త చూశారు, ఏమీ అడగలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. కోడలు ఇంటికి వచ్చి పదిహేనేళ్ళయినా దాన్ని చూడలేదు. ఇక చూసేవాళ్ళు లేరనే అనుకున్నాను. నాకు దక్కని బుగడలు మనవరాలికి పెట్టి చూసుకోవాలనుకున్నాను. అంతకంటే వేరే కారణం ఏదీ లేదు.

రెండు నెలలకు పిల్ల చెవులు గోకడం మొదలుపెట్టింది. బుగడలు తీసేశాం. కుట్టిన చోట రెండు వైపులా ఎర్రగా, నున్నగా, శనగగింజంత లేచింది. నాలుగో నెలకు ఉసిరికాయంత అయింది. ఆ నునుపు నాకు తెలుసు. స్నానం చేసేటప్పుడు యాభై ఏళ్ళకు పైగా నా వేళ్ళకు తగులుతున్న నునుపు అది.

"మా క్లాసుల పోరగాండ్లు ఏమంటున్నరో తెలుసా నానమ్మా?" అంది ఒకరోజు బడి నుంచి వచ్చి. "చెవుల బ్లూటూత్ పెట్టుకున్నవా, ఛార్జింగ్ ఎంతున్నదీ అని అడుగుతున్నరు."

చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి చున్నీ తలకు చుట్టుకుని బడికి పోయింది. ఎండాకాలంలో కూడా విప్పలేదు. పక్కకు తిరిగి పడుకోలేక వెల్లకిలా పడుకునేది, అలా నిద్ర పట్టక పొద్దున్నే చిరాకుగా లేచేది.

ఎల్లారెడ్డిలో చర్మం డాక్టరు లేదు. కామారెడ్డికి తీసుకుపోయాం, నేనూ కోడలూ. స్టేషను వైపు ఒక సందులో, మేడ మీద చిన్న దవాఖాన. డాక్టరు చిన్న వయసు అమ్మాయి, రాజంపేట దిక్కు రైతుల బిడ్డ. పిల్ల చెవులను వేళ్ళతో మెల్లగా తడిమి, కీలాయిడ్ అంది. పుట్టిన ఏడాది కుట్టించిన కింది రంధ్రాలు బాగానే ఉన్నాయి, ఈ వయసులో కుట్టించినవే పొంగాయి, అలా అవుతుంటుందని చెప్పింది. తర్వాత కంసాలి అడిగిందే అడిగింది.

"ఇంట్ల ఎవరికన్న ఇట్లాంటి మచ్చలున్నయా అమ్మా?"

కోడలు నా వైపు చూసింది. "అవుసలాయన గూడ గిదే అడిగిండట గద, అత్తమ్మా?"

"లేవు," అన్నాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే సులువుగా ఉంది.

నెలకోసారి సూదులు మొదలయ్యాయి. గట్టిపడిన మచ్చలోకి మందు అంత తేలికగా దిగదు. డాక్టరు బొటనవేలు తెల్లబడేదాకా నొక్కాలి. పిల్ల ఎక్కాలు చదివేది. పధ్నాలుగు, పదిహేను, పదహారు. ఒక్కో నెలకు ఒకటి. నేను పక్కన నిటారుగా నిలబడి ఉండేదాన్ని.

కుడి చెవిది కొంత అణిగింది. ఎడమది అణగలేదు. నాలుగోసారి పోయినప్పుడు డాక్టరు చాలాసేపు చూసి కుర్చీ వెనక్కి జరిపింది.

"కుడిది మన మాట వింటున్నది. ఎడమది మొండిగున్నది. కోసి తీసేసి, ఎంబడే సూదులు ఇస్తే ఆగొచ్చు. మామూలుగైతే ఇంట్ల వరుసగా ఉన్నోళ్ళకు నేను కత్తి పెట్టను. వాళ్ళకు కోసిన కాడ మునుపటికంటె పెద్దది లేస్తది. మీ ఇంట్ల ఎవరికీ లేదన్నరు గనక, ఒకసారి చూద్దాం."

"కోస్తే మొత్తం పోతదా డాక్టర్?" అంది పిల్ల.

"పోవచ్చు బిడ్డా."

అన్ని నెలల్లో ఆ పిల్ల ముఖం అలా వెలగడం అదే మొదటిసారి. వచ్చే నెలకు రోజు ఖాయం చేశారు. ఇంటికి రాగానే కాలెండరులో ఆ తేదీ చుట్టూ స్కెచ్ పెన్నుతో గీసుకుంది.

ఆ నెల రోజుల్లో నేను ఎప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఒక మధ్యాహ్నం మేడ మీద కోడలు బట్టలు ఆరేస్తుంటే చెబుదామనే మెట్లెక్కాను. "ఏంది అత్తమ్మా?" అంది. "మబ్బు పట్టింది, తొందరగా తియ్యి," అన్నాను. ఆకాశంలో మబ్బు లేదు. ఆమె ఆకాశాన్నీ నన్నూ చూసి ఇంకో చీర దులిపి ఆరేసింది. మరోసారి కొడుకు భోంచేస్తుంటే ఎదురుగా కూర్చున్నాను. పెరుగు వడ్డించి లేచాను. అరవై రెండేళ్ళు వచ్చినదాన్ని, నోట్లోంచి నాలుగు మాటలు తీయలేకపోయాను. ఇంట్లోవాళ్ళు ఏమంటారోనని కాదు, మహా అయితే కోప్పడతారు. ఆ ఎరువుల దుకాణం ఆమె తల తిప్పి చూసిన చూపు ముందు నేను అబద్ధమాడానని ఒప్పుకోవడం నావల్ల కాలేదు. ఆమె ఎదుట లేనప్పుడు కూడా కాలేదు.

ఆ రోజు పొద్దుటి బస్సుకు బయల్దేరాం. లింగంపేట దాటాక పిల్ల చున్నీ విప్పి ఒళ్ళో పెట్టుకుంది. "ఇగ ఎట్లయిన పోతది గద," అని కిటికీ గాలికి చెవులు పెట్టింది.

దవాఖానలో మా కంటే ముందు ఒక ముసలామె ఉంది. డెబ్భై దాటి ఉంటాయి. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి గోడ పక్కన నేల మీద కూర్చుంది. అప్పుడు పోల్చుకున్నాను. మా ఊరి పక్క తండాకు ఇవతల గుడిసెల్లో ఉండేది, నాట్లకూ కోతలకూ పోయేది. ఆమె తల్లి మా గడిలో పని చేసేది, తల్లి ఇంటాయన మా పాలేరు. నన్ను పెంచింది ఆమె తల్లే.

"బాగున్నవా దొరసానీ? మనవరాలా?" అంది. పిల్ల చెవి వైపు చూసి, "అగో, నాది సుత గిదే," అని కొంగు కొంచెం జరిపింది. మెడ కింద నుంచి రొమ్ము దాకా అరచేయంత మచ్చ, ఎండ్రకాయలా కాళ్ళు చాపి. "నాట్లకాడ దోమ కుట్టింది, గోకిన. శనగగింజంత ఉండె. ఒకపారి కోపిచ్చుకున్న. ఇగ సూడు, గింతైంది. నిప్పులు పోసినట్టు మండుతది."

కోడలు ముందుకు వంగింది. "కోపిచ్చుకున్నంక గింతైందా అవ్వా?"

"మరి? కొయ్యకపోతే గంతే ఉండునో ఏమో." నా వైపు తిరిగింది. "మీ తాతకు గిట్లనే ఉండె గద, దొరసానీ."

"పులి గీరింది," అన్నాను.

ముసలామె నోరంతా తెరిచి నవ్వింది. "పులీ లేదు, పిల్లీ లేదు. సెగగడ్డ లేసిందట. మా అవ్వనే, నిన్ను సాదినామెనే, ఆకు నూరి కట్టు కట్టింది. మానినంక గట్ల పొంగింది. పులి అని మీ తాత ఊరంత చెప్పుకుంటుంటె మా అవ్వ మూతికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది." ఆమె నా ఎడమ చేయి వైపు చూపించింది. "నీది ఎట్లుంది? చిన్నప్పుడు మా అవ్వ నూనె రాసేది. ఇంక దురద పెడుతదా?"

కోడలు నా రవిక చేతిని చూసింది. పిల్ల కూడా చూసింది. కోతకు రోజు ఇచ్చినవాళ్ళం కాబట్టి లోపలి నుంచి మమ్మల్నే ముందు పిలిచారు.

ట్రేలో కత్తి, దూది, దారం సిద్ధంగా ఉన్నాయి. నేను రవిక చేయి పైకి జరపబోయాను. అది జరగదు. జరగకుండా ఉండాలనే కుట్టించిన చేయి. కోడలు వచ్చి నా రవిక హుక్కులు తీసి, భుజం మీది నుంచి గుడ్డ కిందికి దించింది. డాక్టరు చిన్న స్కేలు పెట్టి కొలిచింది.

"ఇంకెవరికి?"

"మా తాతకు."

ఆమె ట్రే మీద గుడ్డ కప్పింది. "ముందుగాల చెప్తే బాగుండు అమ్మా," అంది. అంతే అంది. "ఇయ్యాల కొయ్యను."

"డేట్ ఇచ్చిండ్రు గద!" పిల్ల ఏడ్చేసింది. "కాలెండర్ల రంగు పెట్టుకున్న గద నేను!"

ఏడుపు ఆగేదాకా డాక్టరు ఆగింది. తర్వాత పిల్లతోనే మాట్లాడింది, మాతో కాదు. గాయం అయినప్పుడు అక్కడి కణాలకు పూడ్చమని ఆజ్ఞ వస్తుందని, మడికి తూము తెరిచినట్టు అని చెప్పింది. మడి నిండాక తూము మూయాలి. మీ ఇంట్లో తూము మూతపడటం లేదు. ఆ తీరు పుట్టుకతో, జీన్లలో వస్తుంది.

"అయితే ఆ జీన్ తీసేయరాదా?" అంది పిల్ల ముక్కు తుడుచుకుంటూ.

డాక్టరు నవ్వలేదు. "ఒక్కటైతే ఏమో. చానా ఉంటయి, ఏవేవో ఇంక ఎవరికీ పూర్తిగ తెల్వదు. జీన్ నుంచి వచ్చే ఆజ్ఞను నడుమల్నే ఆపే మందుల కోసం చూస్తున్నరు. ఇంకో దారి గూడ ఉన్నది. జీన్ మీద చిన్న చిన్న గుర్తులుంటయి. ఏది గట్టిగ చదవాలె, ఏది ఊకోవాలె అని చెప్పే గుర్తులు. ఇట్లాంటి మచ్చలో ఆ గుర్తులు మారిపోయి ఉంటయి. జీన్‌ను ముట్టకుంట ఆ గుర్తులను చెరిపితే తూము మూతపడుతదా అని చూస్తున్నరు. కోసి తీసిన మచ్చల కణాలను గాజు పళ్ళెంల పెట్టి చూస్తే కొన్ని నెమ్మదించినయి."

నాకు ఊళ్ళో పట్వారీ రాసే భూమి లెక్కల పుస్తకం, పహాణీ, గుర్తొచ్చింది. పట్టాదారు పేరు మా నాన్నదే ఉండేది, ఎన్నడూ మారలేదు. పక్క కాలమ్‌లో, కాస్తు, అంటే సాగు, ఎవరిదన్న చోట, పట్వారీ ఏటేటా ఒక పేరు రాసేవాడు. పొలం ఆ పక్క కాలమ్‌ను బట్టే పోయింది. ఇప్పుడు పిల్ల చెవి కూడా అలాంటి పక్క కాలమ్ రాతలో చిక్కుకుంది, దాన్ని చెరపగల పట్వారీ ఎక్కడున్నాడో ఈ డాక్టరుకు కూడా తెలియదు.

"పళ్ళెంల నెమ్మదిస్తే చెవుల గూడ నెమ్మదిస్తది గద?" అంది కోడలు. "మనదాకా ఎప్పుడు వస్తది?"

"చెప్పలేనక్కా. ఏళ్ళు పట్టొచ్చు. రాకపోవచ్చు. పిల్లల మీద వాడాలంటె ఇంక దూరం."

తర్వాత ఒక కాగితం తీసింది. హైదరాబాదులో తనతో చదువుకున్నవాళ్ళు ఇలాంటి ఇండ్ల వివరాలూ, ఉమ్మి నమూనాలూ పోగు చేస్తున్నారట. ఎక్కువ మంది ఉన్న ఇల్లు దొరికితే వాళ్ళకు ఉపయోగం. "ఇది పాపకు పనికొస్తదని నేను చెప్తలేను," అంది ముందే. కాగితం మీద మా వంశవృక్షం గీయడం మొదలుపెట్టింది: ఆడవాళ్ళకు గుండ్రం, మగవాళ్ళకు చతురస్రం. మచ్చ ఉంటే లోపల నలుపు. పైన మా తాత, నల్లగా. కింద మా నాన్న, ఖాళీ. ఆయన కింద నేను, నల్లగా. నా కింద కొడుకు, ఖాళీ. చివర పిల్ల, నల్లగా.

"ఇంకెవరన్న ఉన్నరా?"

తలుపు కొంచెం తెరిచి ఉంది. నేల మీద ముసలామె కాళ్ళు కనిపిస్తున్నాయి, పగిలిన మడమలు. ఆమె తల్లి మా తాత రొమ్ముకు కట్టు కట్టిందని ఇప్పుడే విన్నాను. ఆ పాలేరు ఇంట్లో ఒక్క ఆడపిల్ల మాత్రం ఎందుకు గడి అన్నం తిని పెరిగిందో చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకపోయినా ఊళ్ళో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

"బయట కూసున్నామెకు ఉన్నది," అన్నాను.

"ఆమె మీకేమైతది?"

డాక్టరు పెన్ను కాగితం మీద ఆగింది. కోడలు గోడ మీది కాలెండరు వైపు చూస్తోంది. ఆమె నాకు మేనత్త అవుతుంది. ఆ మాట నా నోట రాలేదు.

"మా తాత దగ్గర్నుంచి పక్కకు ఇంకో గీత గియ్యి, బిడ్డా," అన్నాను.

ఆమె గీసింది. మా నాన్న చతురస్రం పక్కన ఒక గుండ్రం పెట్టి, నల్లగా నింపింది.

ఎడమ చెవికి మళ్ళీ సూదే ఇచ్చారు. పిల్ల నా చేయి పట్టుకోలేదు, వాళ్ళమ్మది పట్టుకుంది. పదిహేడో ఎక్కం మొదలుపెట్టింది. అది ఆమెకు సరిగా రాదు. సెవెన్‌టీన్ సెవెన్స్ దగ్గర ఆగింది, మళ్ళీ మొదటికి వచ్చింది, మళ్ళీ అక్కడే ఆగింది. మందు ఇంకా సగం కూడా దిగలేదు. డాక్టరు బొటనవేలు తెల్లబడింది. నాకు జవాబు తెలుసు, నూట పంతొమ్మిది. చెప్పవచ్చో లేదో తెలియక నిలబడ్డాను.

బయటికి వచ్చాక కోడలు మందుల చీటీ పట్టుకుని కిందికి దిగింది. ముసలామె ఇంకా నేల మీదే ఉంది.

"కోసిండ్రా?" అంది.

"లేదు. పైన కూసో."

"ఉండనీ దొరసానీ, మల్ల లేసుడు కష్టం."

నేను కూడా కింద కూర్చోవాలనుకున్నాను. మోకాళ్ళు వంగలేదు. మోకాళ్ళదే తప్పని చెప్పుకున్నాను. ఆమెను లోపలికి పిలిచారు, గోడ పట్టుకుని ఒక్కతే లేచింది.

కుర్చీల్లో పిల్లా నేనూ మిగిలాం. చున్నీ మళ్ళీ తలకు చుట్టుకుంది. నా వైపు చూడకుండా అడిగింది.

"నీది నొస్తదా?"

"నొయ్యదు. దురద పెడుతది."

"ఎప్పుడు?"

"ఉక్కపోసినప్పుడు. ఉన్ని బట్ట తగిలినప్పుడు."

"నాకు గూడ," అంది. చున్నీ కొస సర్దుకుని, "ఎన్నేండ్లకు పోతది నానమ్మా?"

యాభై ఆరేళ్ళుగా నా ఒంటి మీద ఉన్నదాని గురించి అడుగుతోంది. ఈసారి అబద్ధం చెప్పాలని చాలా అనిపించింది. కిటికీ కింద వీధిలోంచి కోడలు చేయి ఊపింది, ఎల్లారెడ్డి బస్సు కదలబోతోందని. పిల్ల జవాబు కోసం కూర్చునే ఉంది.